గాలి చూశాను

నవంబరు 3

వచ్చింది.

నవంబరు 4

నిన్న ఒక్క మాట రాసి పెన్ను పక్కన పెట్టేశాను. ఇంక సాగలేదు. సంతోషంతోనే. మరెందుకు?

పోటు సమయం చూసి టగ్గు పడవలు ఆ ఓడని లాక్కొచ్చాయి. ముక్కు ఇసుకలో దిగబడేదాకా తోసి, చేతులు దులుపుకున్నట్టు వెనక్కి వెళ్ళిపోయాయి. ఓడలు విరిచే మా యార్డంతా ఒడ్డున నిలబడి చూసింది. ఇంతవరకూ మేం విరిచినవన్నీ సరుకు ఓడలు, నూనె ఓడలు. విమానాల ఓడ రావడం ఇదే మొదలు. పై డెక్కు చూస్తే ఓ వీధిని పెకలించి నీళ్ళ మీద పరిచినట్టుంది. ఇనుము కోసే కట్టర్ల ముఠాకి పెద్ద బక్కోడు (పేరే బక్కోడు, మనిషి గుమ్మంలో పట్టడు) తల గోక్కుంటూ, "గాలమ్మా, దీన్ని కోసి ముగించాలంటే మా మనవలు కూడా రావాలి" అన్నాడు.

యార్డులో నా పేరు గాలమ్మ. కొత్తవాళ్ళు మొదట నవ్వుతారు. మూసిన ఓడ గదుల్లో గాలి బాగుందో లేదో చూసేదాన్ని గాలమ్మ అనక ఏమంటారు? నేను మీటరు దింపి పచ్చ అట్ట తగిలిస్తేనే కట్టరు లోపలికి కాలు పెట్టేది. ఎర్ర అట్ట తగిలిస్తే మేనేజరు బాబు దిగొచ్చినా ఆగాల్సిందే. నవ్వినవాళ్ళు ఓ వారం గడిచేసరికి నవ్వడం మానేస్తారు.

ఆ ఓడా, నేనూ ఒకే ఏడు మొదలయ్యాం. దాని అడుగున మొదటి ఉక్కు పలక పరిచిన ఏడే అమ్మ నన్ను కంది. నాకు నడక వచ్చేసరికి దానికి పక్కలు లేచాయి. నాకు మూడేళ్ళు నిండేసరికి అది నీళ్ళలోకి దిగడానికి తయారైంది. నాన్న దానికి వెల్డరు. దాని అడుగు ట్యాంకులోనే పోయాడు. ఆ వారమే బ్యాండు పెట్టి దాన్ని నీళ్ళలోకి దింపారు. ఆ బ్యాండు మా ఇంట్లోకి వినిపించిందట. నేను గెంతులు వేశానట.

ఇప్పుడు అది నా ఒడ్డున పడుంది. దాని పాపం పండింది.

నవంబరు 6

అమ్మకి చెప్పాను. బఠాణీలు ఒలుస్తోంది. "ఏ ఓడ?" అంది.

ఏ ఓడట!

"నీ మొగుణ్ణి మింగిన ఓడ."

"మింగడానికి దానికి నోరుందా? ఇనుము అది. చెయ్యి ఖాళీగా ఉంటే ఈ గిన్నె ఇటు జరుపు."

జరిపాను. ఒలుస్తూనే అంది, "నీ కడుపులో ఆ కుంపటి ఎన్నాళ్ళు మోస్తావే? దాని మీద ఓ పూట వంటైనా అయ్యుంటే బాగుండేది."

మర్చిపోయింది. మనిషన్నది ఎలా మర్చిపోతుంది?

నవంబరు 9

ఐదో తరగతిలో ఉండగా బడిపిల్లలందరినీ దాన్ని చూపించడానికి తీసుకెళ్ళారు. అప్పుడది కొత్త పెళ్ళికూతురిలా ఉంది, ఒళ్ళంతా బూడిదరంగు మెరుపు. టీచరమ్మ "ఇది మన గర్వం" అని మూడుసార్లు చెప్పించింది. నేను ఊరికే పెదాలు ఆడించాను. ఎవరూ చూడకుండా తలపిన్నుతో ఓ మూల పెయింటు గీకాను. ఓ నావికుడు చూసేశాడు. చెవి మెలిపెడతాడనుకుంటే నవ్వి, జేబులోంచి చాక్లెట్టు తీసిచ్చాడు. తిన్నాను. ఆ తీపి గుర్తొస్తే ఇప్పటికీ ఉమ్మెయ్యాలనిపిస్తుంది.

తిరిగొచ్చేటప్పుడు బస్సు వెనక సీట్లో పిల్లలు పాట కట్టారు. "నిద్రపోతు కూతురు, నిద్రపోతు కూతురు."

పని ఎగ్గొట్టి ట్యాంకులో దూరి నిద్రపోయాడు, ఊపిరాడక పోయాడు. నాన్న గురించి ఓడలు కట్టే ఆ యార్డు చెప్పిన మాట ఇదే. చెప్పినవాడు ఈల మేస్త్రీ. నాన్న ముఠా వాడి కిందే పనిచేసేది. మెడలో ఎప్పుడూ ఈల వేలాడేది కనక ఆ పేరు. మా వెనక వీధిలోనే ఉండేవాడు, నాకు పదేళ్ళొచ్చేదాకా రోజూ ఆ ఈల వినేదాన్ని. విచారణలో వాడు చెప్పిందే నిజమైంది, మిగతా అందరూ తలలూపారు.

మా నాన్న పనివేళల్లో నిద్రపోయే మనిషి కాదు. ఆ మాట అమ్మ కూడా అనాలి. అనదు.

నవంబరు 13

ఈరోజు లోపలికి ఎక్కాను. విమానాలు నిలిపే గదిలో నిలబడి చప్పట్లు కొడితే అవతలి గోడకి తగిలి తిరిగి రావడానికి తీరిగ్గా టైము తీసుకుంటుంది. మెట్ల దగ్గర గోడ మీద దాని గొప్పలన్నీ ఇత్తడి అక్షరాల్లో ఉన్నాయి. నేను చదవక్కర్లేదు. ఎక్కాల్లా వచ్చు.

నేను ఏడో తరగతిలో ఉండగా యుద్ధానికి వెళ్ళింది. దీని మీంచి లేచిన విమానాలు ఎవరిదో రేవు తగలబెట్టి తిరిగొచ్చాయి. మా వీధిలో మిఠాయిలు పంచారు. అది మునిగిపోవాలని నేను దుప్పటి ముసుగేసుకుని కోరుకున్నాను. దాని మీద వందలమంది ఉంటారని, వాళ్ళలో ఆ చాక్లెట్టు నావికుడూ ఉంటాడని తట్టలేదు. తట్టినా కోరుకునేదాన్నే.

నాకు పెళ్ళైన ఏడు దాని డెక్కు అంటుకుంది. దిగే విమానాన్ని తోక కొక్కెం పట్టి ఆపే ఉక్కు తాడు తెగింది. విమానం పోయిపోయి నిలిపి ఉన్న వాటిలో దూరింది. రేడియోలో వార్త వింటూ నేను నవ్వానట. మా ఆయన అన్నం ముందునుంచి లేచిపోయాడు. ఆ తర్వాత రెండేళ్ళకి నా ముందునుంచే లేచిపోయాడు. పోతూ పోతూ ఓ మాటన్నాడు: "నీకు మొగుడెందుకు? ఆ ఓడ ఉందిగా. లేచినా పడుకున్నా దాని ధ్యాసే."

తుఫాను ఏడు మాత్రం ఇది మహాతల్లి అయింది. రోడ్లు తెగిపోయిన తీరానికి నీళ్ళ డబ్బాలు, దుప్పట్లు మోసింది. ఇదిగో ఈ గదిలోనే బాలింతలకి మంచాలు వేశారు. ఓ పిల్ల ఇక్కడే పుట్టింది, దానికి ఓడ పేరే పెట్టారు. టీవీ చూస్తూ అమ్మ కళ్ళు తుడుచుకుంది. నేను లేచి టీవీ ఆపేశాను. ఒకర్ని పుట్టించి చెల్లుకి చెల్లు అంటే కుదురుతుందా?

ఆపైన ముసలిదైంది. బాయిలర్లు మొండికేశాయి. సముద్రంలో గడిపిన కాలం కంటే రేవులో మూలిగిన కాలం ఎక్కువ. కొత్తది రాగానే దీన్ని వేలానికి పెట్టారు.

నేను ఈ ఉద్యోగంలో ఎందుకు చేరానో ఎవరికీ చెప్పలేదు. ఇంటికి దగ్గర అని అమ్మకి చెప్పాను. రెండు బస్సులు మారాలి.

నవంబరు 17

ఈల మేస్త్రీ బతికే ఉన్నాడు.

నవంబరు 18

చచ్చాడనుకున్నాను. చచ్చే ఉంటాడని ఎప్పుడో తీర్మానించుకుని, అందుకే ఓడతో సరిపెట్టుకున్నాను.

ఓడ ముందు సగం కోసే కాంట్రాక్టు వాడిదట. మేనేజరు అందరి ముందు భుజమ్మీద చెయ్యేసి మరీ పరిచయం చేశాడు. "ఈ ఓడ కట్టినప్పుడు పనిచేసిన పెద్దాయన. దీని ఎముకలన్నీ ఈయనకి తెలుసు."

ఎవరి ఎముకలు?

నడుం వంగింది, జుట్టు ముగ్గుబుట్టయింది. గొంతు మాత్రం అదే. ఈల అలాగే ఉంది, నల్లతాడుకి. నేరుగా నా దగ్గరికే వచ్చాడు.

"నువ్వేనామ్మా గాలి చూసేది? మా రోజుల్లో ఈ మీటర్లూ అట్టలూ లేవు. దేవుడి మీద భారం వేసి దిగేవాళ్ళం. నువ్వు సరే అనందే నేను అడుగు వెయ్యను, సరేనా?"

"సరేనండి" అన్నాను.

టీ తెప్పించి తనే చేతికిచ్చాడు. తాగాను. పారబోస్తే అనుమానం వస్తుందని తాగాను.

నవంబరు 21

లంగరు గొలుసు గదికి ఎర్ర అట్ట. పెయింట్ల గదికి ఎర్ర అట్ట. పంపుల గదికి రెండు పూటలు పచ్చ ఇచ్చి, మూడో పూట ఎర్ర. వాడు వచ్చి ప్రతిసారీ, "నువ్వన్నది మంచికేనమ్మా" అని వెనక్కి పోతున్నాడు. ఒక్కసారి తిట్టినా బాగుండును.

మేనేజరు వాడి మీద అరవడం ఇక్కడిదాకా వినిపించింది. కడుపు కొంచెం చల్లబడింది. కొంచెమే.

నవంబరు 24

బక్కోడు వచ్చాడు. గొడవకి రాలేదు, వచ్చి ఊరికే పక్కన కూర్చున్నాడు. అదింకా కష్టం.

"గాలమ్మా, పంపుల గదిలో నిన్న బాగున్న గాలికి ఈరోజు ఏమైంది?"

"గాలి కదా, మారుతుంది."

"ఏడేళ్ళుగా నీ అట్ట చూసి దిగుతున్నా. ఎప్పుడూ తిరిగి అడగలేదు. ఈ వారం రోజుల్లో మావాళ్ళు పనిచేసిన దానికంటే చుట్టలు తాగింది ఎక్కువ. ముసలాయన మీద నీకేమన్నా ఉంటే ఆయనతో తేల్చుకో. మా నోటి దగ్గర కూడు మీద తేల్చుకోకు."

"నేను రూలు ప్రకారం చేస్తున్నాను."

"సరే" అని లేచాడు.

నవంబరు 25

నేను రూలు ప్రకారమే చేస్తున్నాను.

నవంబరు 26

రూలు ప్రకారమే.

నవంబరు 29

ఈరోజు ఏమీ జరగలేదు.

నవంబరు 30

సెలవు పెట్టాను. కుడి చెయ్యి భుజం దాకా లాగుతోంది. ఎక్కడ పట్టేసిందే అని అమ్మ అడిగింది. బస్సులో అన్నాను. నూనె రాసింది.

డిసెంబరు 1

జరిగింది రాస్తాను. ఇక్కడ కూడా రాయకపోతే ఇంకెక్కడ?

మొన్న పొద్దున నాన్న పోయిన అడుగు ట్యాంకు మూత విప్పారు. ముందు వైపు, ఎడమ పక్క, మూడోది. చిన్నప్పుడు ఒకే ఒక్కసారి అమ్మ నోట విన్నాను, ఆ తర్వాత అడగాల్సిన పని పడలేదు. మీటరు గొట్టం దింపాను. ప్రాణవాయువు నూటికి ఇరవై ఒకటి చూపించాల్సిన చోట తొమ్మిది చూపించింది. మూసిన ఇనప గదిలో తుప్పు ఊరికే కూర్చోదు, గాల్లో ఉన్న ప్రాణవాయువుని తినేస్తుంది. వాసన రాదు, దగ్గు రాదు. దిగినవాడికి మోకాళ్ళు వదులవుతాయి, అంతే. నాన్నని తిన్నదీ అదే.

ఎర్ర అట్ట చేతిలోకి తీసుకున్నాను. అప్పుడే వాడొచ్చాడు. బక్కోడి ముఠా అవతలి గదిలో గొట్టాలు కోస్తోంది. ఇక్కడ మేమిద్దరమే.

"అమ్మాయ్, గాలి చూశావా?"

"చూశాను."

ఇంకేం అడగలేదు. ఆ పొద్దున్నే మేనేజరు నలుగురి ముందు వాడికి తలంటాడు. సాయంత్రంలోపు ట్యాంకు కోత మొదలవ్వాలన్నాడు. ఆ అరుపులు నేను తెప్పించినవే. వాడు టార్చిలైటు నోట్లో కరుచుకుని, నిచ్చెన మీద కాలు పెట్టాడు. ఎర్ర అట్ట నా వీపు వెనక ఉంది. నేను అబద్ధం ఆడలేదు. చూశావా అన్నాడు, చూశానన్నాను.

నడుం దాకా దిగాడు. భుజాల దాకా దిగాడు. ఆ తర్వాత తెల్ల జుట్టు ఒక్కటే కనిపించింది. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ కోరుకున్నది కళ్ళ ముందే జరుగుతోంది, నేను చెయ్యాల్సిందల్లా నిలబడటం. నిలబడ్డాను.

టార్చి కింద పడ్డ చప్పుడైంది.

ఎందుకు వంగానో రాయాలి. జాలి కాదు. జాలి అని ఎవరైనా అంటే నాలుక కోస్తాను. వాడికి నేనెవరో తెలీదు. తెలియకుండా పోతే అది ఉత్త ప్రమాదం. ముసలాడు చూసుకోకుండా దిగాడు పాపం అంటారు, నలుగురు మోస్తారు, అయిపోతుంది. నా పగ నాకొక్కదానికే తెలిస్తే అది పగెలా అవుతుంది?

బోర్లా పడుకుని చెయ్యి లోపలికి పెట్టాను. ఇంకా నిచ్చెనకి ఆనుకునే ఉన్నాడు, కాలరు అందింది. మనిషి బరువంతా ఆ చేతి మీద వేలాడింది. "బక్కోడా!" అని అరిచిన అరుపు ఇంకా నా చెవిలోనే ఉంది. వాడు పరుగెత్తుకొచ్చి, నీళ్ళ చేద లాగినట్టు ఒక్క ఊపులో లాగి పడేశాడు. పెదాలు నీలంగా ఉన్నాయి. ఊపిరి వచ్చింది, దాంతో వాంతి వచ్చింది. బక్కోడు స్ట్రెచర్ కోసం పైకి పరుగెత్తాడు.

మళ్ళీ మేమిద్దరమే. వాడు నన్ను చూశాడు. తర్వాత నా పక్కన నేల మీద పడి ఉన్న ఎర్ర అట్టని చూశాడు.

"నీకు తెలుసు" అన్నాడు.

"తెలుసు. తొమ్మిది ఉంది."

"మరి..."

"ఈ ట్యాంకు గుర్తుందా? ఇందులో పని ఎగ్గొట్టి నిద్రపోయిన వెల్డరు గుర్తున్నాడా? నేను ఆ నిద్రపోతు కూతుర్ని."

నా మొహంలోకి చూశాడు. "ఆ చెంపలు వాడివే. నేను పోల్చుకోలేదు."

"నా చెంపల సంగతి తర్వాత. దూరాడా మా నాన్న, పని ఎగ్గొట్టి? ఇప్పుడెవరూ లేరు, చెప్పు."

"లేదమ్మా. ఆ రోజు మీ నాన్నకి ఒళ్ళు సలసల కాగిపోతోంది. నీళ్ళలోకి దింపే వారం, గేటు దాటి ఎవర్నీ పంపొద్దని పైనుంచి మాట. పంపితే నా మెడ తెగుతుంది. పైన పలకలు పెనంలా కాలుతున్నాయి. ఈ మూత అప్పుడే తీశారు, లోపల చల్లగా ఉంది. ఎవరూ చూడరు, వెళ్ళి కాసేపు పడుకోరా అన్నాను. నేనే అన్నాను."

"విచారణలో ఆ మాట ఎందుకు చెప్పలేదు?"

"భయమేసింది."

"ఇన్నేళ్ళూనా?"

"ఇన్నేళ్ళలో నన్నెవరు అడిగారమ్మా?"

"అడిగితే చెప్పేవాడివా?"

ఆలోచించాడు. నిజంగానే ఆలోచించాడు. "చెప్పేవాణ్ణి కాదు" అన్నాడు.

అయితే నాన్న నిద్రపోయిన మాట నిజమే. పని ఎగ్గొట్టి కాదు, జ్వరంతో. మేస్త్రీ పొమ్మంటే వెళ్ళి. కానీ నిద్రపోయాడు. పొద్దుట్నుంచీ ఈ మాట తిప్పి తిప్పి చూస్తున్నాను, ఏ పక్కనుంచి చూసినా గుచ్చుకుంటోంది.

డిసెంబరు 2

పనికి వెళ్ళాను. గేటు దగ్గరే చప్పట్లు కొట్టారు.

ఆసుపత్రి మంచం మీద వాడు మేనేజరుతో చెప్పాడట: "ఆ అమ్మాయి వద్దంటూనే ఉంది. నేనే మొండిగా దిగాను. ఆవిడ పట్టుకోకపోతే ఈపాటికి పాడె మీద ఉండేవాణ్ణి." మేనేజరు పొద్దున అందర్నీ నిలబెట్టి నా గురించి మాట్లాడాడు. బక్కోడు వచ్చి, "గాలమ్మా, మొన్న నోరు జారాను, మనసులో పెట్టుకోకు" అన్నాడు. ఎర్ర అట్టలన్నీ నా ముందుచూపేనట ఇప్పుడు.

డిసెంబరు 3

అప్పుడు తనని కాపాడుకోవడానికి అబద్ధం చెప్పాడు. ఇప్పుడు నన్ను కాపాడటానికి చెప్పాడు. ఎవరడిగారు? ఎవరు కాపాడమన్నారు? చాక్లెట్టు ఇచ్చాడు, టీ ఇచ్చాడు, ఇప్పుడు ఇది. తినమంటాడా?

చాక్లెట్టు ఇచ్చింది వాడు కాదు. నాకు తెలుసు. అయినా రాసింది కొట్టెయ్యను.

డిసెంబరు 4

వాడు అలా చెప్పాక నేను నోరు మూసుకుంటే ఇద్దరం ఒకటే. వాడి పక్కన నిలబడటం కంటే రోడ్డు మీద నిలబడతాను.

డిసెంబరు 5

అయిపోయింది.

వాడు ఆసుపత్రి నుంచి తిన్నగా యార్డుకే వచ్చాడు. పొద్దున అందరూ పనికి ముందు నిలబడే చోటే నేను మేనేజరు ముందుకు వెళ్ళాను.

"సార్, ఆయన చెప్పింది అబద్ధం. నేను వద్దనలేదు. గాలి బాలేదని తెలిసీ నోరు మూసుకుని నిలబడ్డాను. ఎర్ర అట్ట వీపు వెనక దాచాను."

ఎవరికీ అర్థం కాలేదు. మేనేజరు నవ్వబోయి ఆగిపోయాడు. "ఒంట్లో బాగుందా నీకు?"

"బాగుంది. ఎందుకు నిలబడ్డానో అది కూడా వినండి." చెప్పాను. నాన్న సంగతి, జ్వరం సంగతి, గేటు సంగతి, విచారణ సంగతి. చివర్లో వాడి వైపు తిరిగాను. "నువ్వు ఇన్నేళ్ళూ చెప్పలేనిది నేను వారం తిరక్కుండా చెప్పాను. ఇప్పుడు నీ వంతు. ఇందరి ముందు చెప్పు. మా నాన్న తనంతట తను దూరాడా?"

అంతమంది కళ్ళూ వాడి మీదే. పక్కనున్న డ్రమ్ము మీద చెయ్యి ఆనించి అన్నాడు, "లేదు. పడుకోమన్నది నేనే. విచారణలో అబద్ధం చెప్పాను."

దీని కోసమే బతికాను. గుండెలో ఏదో పెద్ద చప్పుడవుతుందనుకున్నాను. ఎవరో కట్టరు దగ్గాడు, అంతే.

మేనేజరు నన్ను అప్పటికప్పుడే పంపించేశాడు. మీటరు, అట్టలు అప్పగించాను. వాడి కాంట్రాక్టూ పోయింది, కట్టర్లు వాడి కింద దిగేది లేదన్నారు. అప్పుడు నాకు కొంచెం నవ్వొచ్చింది. ఆ నవ్వు గేటు దాకా రాలేదు. గేటు దగ్గర బక్కోడు నిలబడి ఉన్నాడు.

"ఆయన చేసింది తప్పే గాలమ్మా. నా కడుపూ రగిలింది. కానీ ఏడేళ్ళు నీ అట్ట చూసి కళ్ళు మూసుకుని దిగాను. ఏదో రోజు నా మీద కోపమొచ్చుంటే?"

"నీ మీద నాకెందుకు..."

"వచ్చుంటే?"

బస్సు రెండోది తప్పిపోయింది. నడిచి వచ్చాను.

డిసెంబరు 6

అమ్మకి అంతా చెప్పాను. నేను చేసింది కూడా. విని, లేచి వెళ్ళి పొయ్యి మీద పాలు చూసుకుంది. చాలాసేపు అక్కడే ఉంది. పాలు పొంగిన వాసన వచ్చింది. అమ్మ పాలు పొంగించడం నేనెప్పుడూ చూడలేదు.

డిసెంబరు 8

మధ్యాహ్నం ముసలాయన మా ఇంటికి వచ్చాడు.

తలుపు నేనే తీశాను. మూసెయ్యబోయాను. "నీ కోసం రాలేదమ్మా, మీ అమ్మగారితో ఓ మాట" అన్నాడు. లోపల్నుంచి అమ్మ, "రానీ" అంది.

గుమ్మం లోపలికి రెండడుగులు వేసి ఆగిపోయాడు. అమ్మ కూర్చోమనలేదు. మంచినీళ్ళు కావాలా అనలేదు. పక్కింటి కుక్క వచ్చినా ఏదో ఒకటి పెట్టే మనిషి.

"అమ్మా, ఆ రోజు..."

"మా అమ్మాయి చెప్పింది" అంది అమ్మ. "నాకు ఒక్కటి చెప్పు. లోపలికి దిగేముందు ఆయన ఏమన్నాడు?"

నేను వాణ్ణి ఇంత అడిగాను. ఇది అడగలేదు.

ఆయన నేల చూస్తూ అన్నాడు, "ఓ గంటాగి లేపమన్నాడు."

"లేపావా?"

మెడలోని ఈల తాడు పట్టుకున్నాడు.

"లేపావా అని అడుగుతున్నా."

"పైన క్రేను కొక్కెం పట్టేసింది. అందరూ అరుస్తున్నారు. ఆ గొడవలో పడి... మర్చిపోయానమ్మా. సాయంత్రం ముఠాని లెక్క చూసుకునేదాకా గుర్తే రాలేదు."

అమ్మ తలూపింది. ఎప్పట్నుంచో తెలిసిన విషయాన్ని ఎవరో వచ్చి ఖాయం చేసినట్టు ఊపింది.

"ఆయన ఎంత నిద్రలో ఉన్నా ఒక్క పిలుపుకి లేచే మనిషి. ఎవరూ పిలిచి ఉండరు అనుకునేదాన్ని. ప్రతి రోజూ అనుకునేదాన్ని. అంతేనన్నమాట."

ప్రతి రోజూనట.

ఆయన చేతులు జోడించాడు. "క్షమించమని అడిగే మొహం నాకు..."

"అడక్కు" అంది అమ్మ. కూరలవాడితో వంకాయలు బాలేవు, తీసుకెళ్ళు అన్నంత మామూలుగా అంది. "వెళ్ళు. ఇక నీకు నిద్ర పట్టకూడదు. బతికినన్నాళ్ళూ పట్టకూడదు."

ఆయన వెనక్కి తిరిగాడు. గుమ్మం బయట చెప్పులు తొడుక్కోబోతే కుడిదానిలో ఎడమ కాలు పెట్టాడు. తీసి, మళ్ళీ అదే తప్పు చేశాడు. చివరికి రెండూ చేత్తో పట్టుకుని ఎండలో ఉత్త కాళ్ళతో వెళ్ళిపోయాడు. వీధి చివర మలుపు తిరిగేదాకా అమ్మ కిటికీలోంచి కన్నార్పకుండా చూసింది. నేను అమ్మని చూశాను. ఇన్నేళ్ళూ పగ నా ఒక్కదానిదే అనుకున్నాను.

పడుకునేముందు అడిగింది, "రేపు పని లేదుగా. లేపనా?"

"వద్దమ్మా. లేచి ఏం చెయ్యను?"

"సరే" అంది.

డిసెంబరు 9

తెల్లారకముందే లేపింది. భుజం పట్టుకుని ఊపి, పేరు పెట్టి పిలిచి, నేను కళ్ళు తెరిచి మాట్లాడేదాకా వదల్లేదు.

లేచాను.